పన్నెండుకి ఒకటి

ఆరు మెట్లు.
పలకరాతి గని కూలీలు
వారానికో పెన్నీ జీతంలోంచి కోయించుకుని
కట్టుకున్న పుస్తకాల ఇల్లు ఇది,
వేల్స్ కొండల్లో, వాన కాపురముండే చోట.
తలుపు మీద నూట ముప్ఫై ఏళ్ల అక్షరాలు,
తలుపు ముందు ఆరు మెట్లు
నడిమధ్యన అరిగి గిన్నెలైపోయాయి.
వాన వెలిశాక పిచ్చుకలొచ్చి
వాటిలో తాగి పోతాయి.

పురాతన కట్టడాల శాఖ నుంచి మెరెడిత్ గారొచ్చాడు.
గొడుగు మూయకుండానే చెప్పాడు:
"మెట్ల మీద చెయ్యి పడకూడదు.
వాలుబాట పక్కనుంచి రావాలి.
వచ్చినట్టు కనబడకూడదు."
ఎంత బతిమాలినా
ఆ ఆరింటిలో ఒక్క మెట్టూ దిగలేదాయన.

నేను తాపీ పనిదాన్ని.
రాయి కనబడకుండా ఎలా ఉంటుందో నాకు తెలీదు.
మనిషి ఎలా ఉంటుందో తెలుసు.
ఎలునెద్ పదకొండేళ్లుగా అలాగే ఉంది,
వెనక వీధి కిటికీ దగ్గర, చక్రాల కుర్చీలో,
ఎవరో ఎంచి తెచ్చిన పుస్తకాలు చదువుతూ.
అంతకు ముందు ఇరవై ఆరేళ్లు
ఈ మెట్లు కడిగింది ఆవిడే.

లెక్క చిన్నదే.
అంగుళం ఎక్కాలంటే పన్నెండంగుళాలు సాగాలి.
మూడడుగుల గడపకి
ముప్ఫై ఆరడుగుల ఓపిక,
మధ్యలో ఊపిరి పీల్చుకోడానికో చదును.

తూర్పు గోడ వెంట రాళ్లకి సుద్దతో అంకెలేశాం,
ఏది ఎక్కడిదో మళ్లీ అక్కడికే చేరాలని.
వాన చెరిపేసింది. మళ్లీ వేశాం.
నలభై మూడో రాయి లేపి రెండడుగులు తవ్వితే
పార ఖంగుమంది.

మట్టి కింద ఒక వాలు.
పలకలు పరిచి, చక్రాల గాళ్లు పడి,
నేరుగా నేలమాళిగ తలుపులోకి.
ఇటుకలతో మూసేసిన ఆ తలుపుకి
ఇంకా నల్లటి పెదాలు.
బొగ్గు బండి దారి.

ఆ సాయంత్రం గుమాస్తా టుడ్‌వల్
పాత జమాఖర్చుల పుస్తకం మోసుకొచ్చాడు.
వేలితో చూపించాడు, మాట్లాడలేదు.
"కాలు పోయిన గ్రిఫిత్ ప్రొథరోని
శనివారాలు పైకి మోసినందుకు
ఇద్దరికి, రెండు పెన్నీలు."
అలా తొమ్మిది శనివారాలు.
తర్వాత సిరాతో ఒక అడ్డగీత,
కింద, "ఇక రానన్నాడు."

పెన్నీలు కోయించుకున్నవాళ్లలో
గ్రిఫిత్ కూడా ఉన్నాడు, ఏడో పేజీలో.
బొగ్గు మాత్రం
చలికాలమంతా దర్జాగా వస్తూనే ఉంది.

మెరెడిత్ గారు మళ్లీ వచ్చి
గుంట అంచున చాలాసేపు నిలబడ్డాడు.
గొడుగు మూశాడు.
"పాతది ఉంది కదా," అన్నాడు,
"దాని బాటనే ముందు తలుపు దాకా పొడిగించండి.
కనబడితే కనబడనీ."

సిమెంటు పోసిన రాత్రి
ఎవరి పిల్లో దాని మీద నడిచి వెళ్లింది.
నాలుగు పాదాలు, చదును దగ్గర కాసేపు ఆగిన గుర్తు.
చెరపాలంటే మనసొప్పలేదు.
అడ్డుతాడు విప్పక ముందే
రొట్టెల కుర్రాడు తోపుడు బండితో పైకెళ్లి
తిట్లు తిని కిందికొచ్చాడు.

ప్రారంభం శుక్రవారం,
ఉపన్యాసం, కత్తెర, రిబ్బను.
ఎలునెద్ గురువారమే వచ్చింది, జల్లులో,
తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ.
చదును దగ్గర ఆగింది. అలిసిపోయిందనుకున్నాను.
కుర్చీ వెనక్కి తిప్పి
లోయకవతల పలకల గుట్టలు చూసింది,
ఊదారంగువి, తడిసినవి.
"ఇక్కణ్ణించి ఇవి కనిపిస్తాయా!
కడిగేటప్పుడు ముఖం మెట్ల వైపే కదా."

తలుపు తెరిచే ఉంది, లోపల దీపాలు.
ఆవిడకేం తొందరలేదు.
వంగి, పిల్లి అడుగుల్ని వేలితో తడిమి,
"దీన్నెవరు కడుగుతారు?" అంది.
వాన, అన్నాను.
ఒప్పుకోలేదు.